నలభయ్యో కంచం

శుక్రవారం మధ్యాహ్నం. భోజనాల గదిలో గంట కొట్టడానికి ఇంకా పది నిమిషాలే ఉంది. ఆరో తరగతి ఎ సెక్షన్ లీడరుకి ముచ్చెమటలు పోస్తున్నాయి.

ముప్పై తొమ్మిది నీలం కంచాలు అద్దాల్లా మెరుస్తున్నాయి. నలభయ్యో కంచంలో పాలకూర గుట్టగా అలాగే ఉంది. ఆ గుట్ట ముందు నత్త.

నత్త అంటే సెక్షన్ అంతా కలిసి చాటుగా పెట్టుకున్న పేరులెండి. మిగతా పనుల్లో మహా చురుకే. తిండి దగ్గరే వచ్చింది చిక్కు. పచ్చగా ఉన్నది ఏదైనా కంచంలో పడిందా, మొహం ఆముదం తాగినట్టు అయిపోతుంది.

ఇదివరకైతే ఎవరికీ పట్టేది కాదు. ఆ మాయదారి డబ్బా వచ్చాకే ఈ గొడవంతా. గుమ్మం పక్కన నిలబెట్టారు దాన్ని. కంచం పెడితే ఫోటో తీస్తుంది, మిగిల్చింది తూకం వేస్తుంది. కంచం రంగుని బట్టి ఏ సెక్షనో కనిపెట్టేస్తుంది. ఏ సెక్షన్ బల్ల దగ్గర ఎవరు తిన్నా ఆ సెక్షన్ లెక్కే. వారమంతా మెతుకు పారెయ్యకపోతే తెరమీద పచ్చ మొహం నవ్వుతుంది, ఆ సెక్షన్‌కి శుక్రవారం పెద్ద గ్రౌండు. పారేస్తే ఎర్ర మొహం బావురుమంటుంది, అదీ గది అదిరిపోయేలా.

మూడు వారాలుగా ఎ సెక్షన్‌కి ఏడుపే. మూడు వారాలుగా గ్రౌండు బి సెక్షన్‌ది. వాళ్ల ఆటని కిటికీలోంచి చూసీ చూసీ అందరికీ కడుపు మండిపోయింది. ఈ సోమవారం పొద్దున్నే తేల్చి చెప్పేశారు, ఈసారీ పోతే లీడర్ని మార్చేస్తామని.

"నేనేం చేశానర్రా? నా కంచం నాకేశాగా!" అంది లీడరు.

"నత్త చేత తినిపించలేని లీడరు మాకెందుకు?" అన్నాడు గోలీకళ్లవాడు.

అంతే. అప్పట్నుంచి లీడరు నత్త పక్కనే కుర్చీ వేసుకుంది. సోమవారం క్యాబేజీని ఓ రాజుగారి కథ చెప్పి గట్టెక్కించింది. బుధవారం సొరకాయకి తన అరటిపండు లంచం ఇచ్చింది. నిన్న నత్త బీన్సుని రుమాల్లో చుట్టి సంచీలోకి జారవిడుస్తుంటే ఠక్కున పట్టేసింది.

"ప్రిన్సిపాల్ మేడమ్‌కి చెప్పేస్తా!"

నత్త మొహం పాలిపోయింది. "వద్దే, నీకు పుణ్యముంటుంది!" అని రుమాలు విప్పి, ఒక్కటీ మిగల్చకుండా తినేసింది.

ఇవాళ ఆ బెదిరింపూ పారలేదు.

"కడుపులో తిప్పుతోందే" అంది నత్త.

"పొద్దుట్నుంచీ బాగానే ఉందిగా!"

"పాలకూర చూశాకే మొదలైంది. సోమవారం నుంచి తింటా, ఒట్టు."

"సోమవారానికి నేను లీడర్నే కాను" అంది లీడరు. పదవి పోతే పోయింది, ఇంట్లో తమ్ముడికి ఏం మొహం చూపించాలి? లీడర్నంటూ వాడి చేత ఏడాదిగా మంచినీళ్లు తెప్పించుకుంటోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నత్త ఆ కళ్లవంక చూసింది. పాలకూర వంక చూసింది. మళ్లీ కళ్లవంక చూసింది.

"ముక్కు మూసుకుంటే రుచి తెలీదట" అని వెనకనుంచి సలహా పారేశాడు గోలీకళ్లవాడు.

నత్త ముక్కు మూసుకుంది. కళ్లు కూడా మూసుకుంది. ఒక చెంచా. బల్ల బల్లంతా ఊపిరి బిగబట్టింది. రెండో చెంచా. డోకొచ్చింది, అయినా మింగేసింది. "అయ్యే పనేనా ఇది!" అని పక్క బల్ల నుంచి బి సెక్షన్ వాళ్లు కిసుక్కుమన్నారు. వాళ్ల నోళ్లు పడిపోను!

ఆఖరి చెంచా లీడరే అందించింది. "ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి. ఇంకోటి అడిగితే అప్పుడు చూద్దాం."

గుటుక్కుమంది.

లీడరు కంచం పట్టుకుని పరుగో పరుగు. డబ్బా ఫోటో తీసింది. తూకం చూసింది. కాసేపు ఆలోచించింది కూడా. ఇటు గంట మోగుతుంటే, అటు తెరమీద పచ్చ మొహం పళ్లికిలించింది.

ఇక చూడండి, ఎ సెక్షన్ కేకలకి కిటికీ అద్దాలు గలగలలాడాయి. లీడర్ని భుజాలమీద ఎక్కించుకున్నారు. గోలీకళ్లవాడు బల్లెక్కి గంతులు మొదలెట్టాడు.

నత్త గ్లాసుడు నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, కళ్లద్దాలు సర్దుకుని, "బల్ల దిగరా ముందు! అందరూ పదండి క్లాసులోకి, పొద్దున సగంలో ఆపేసిన ఆకుకూరల లాభాల పాఠం పూర్తిచేశాకే మిమ్మల్ని గ్రౌండుకి వదిలేది" అంది.