టోపీ పెట్టుకున్న దొరసాని

నిత్యానందం జుట్టు పట్టి విసిరిన విసురుకి భార్య దేవకుమారి తల గోడకి కొట్టుకుంది. పెచ్చు ఊడిపడింది. సున్నం మీద రక్తం, దానికంటుకుని వెంట్రుకలు.

"రేపు ప్రార్థన మనింట్లోనే," అన్నాడతను చెయ్యి కడుక్కుంటూ. "తుడిస్తే పోదది. ఏదన్నా పటం తెచ్చి తగిలించు. ఎవరికన్నా చెప్పావో, ఈసారి గోడ కాదు, బాల్కనీలోంచి కిందకే."

ఆమె తెచ్చింది. వందేళ్ళనాటి యూరప్ చిత్రానికి నకలు. గుర్రమెక్కబోయే దొరసాని: నల్లకోటు, మగాళ్ళ పొడుగు టోపీ, చేతిలో కొరడా.

"ఇదేం బొమ్మే?"

"మరకకి ఇదే సరిపోయిందండి."

ఖతార్ రాజధాని దోహాలో చర్చి లేని రోజులవి. శుక్రవారం పొద్దున్నే మన్సూరా పేటలోని వాళ్ళ ఫ్లాటు గోదావరి జిల్లాల వాళ్ళతో నిండిపోయింది. పాట ఎత్తుకోబోతూ సంఘపెద్ద గోడకేసి చూసి ఆగిపోయాడు.

"మగవేషం కట్టిన ఆడదాన్ని ఎదురుగా పెట్టుకుని ప్రార్థనేంటి నిత్యానందం? తీసెయ్."

"తర్వాత తీస్తానండి."

"ఇప్పుడే తియ్యాలి."

నిత్యానందం అడ్డంగా నిలబడ్డాడు. పెద్దాయన అతన్ని పక్కకి నెట్టి తనే పటం దించాడు.

వెనక సున్నం మీద ఎండిన రక్తం, వెంట్రుకలు. దేవకుమారి ప్రార్థనకని కప్పుకున్న ముసుగు తీసి, తల వెనక గాయం అందరికీ కనపడేలా గోడవైపు తిరిగింది.

పటాల కొట్లో అదే సైజులో గులాబీలూ ఉన్నాయి, డేగలూ ఉన్నాయి. పెద్దాయన ఏ బొమ్మని గోడమీద ఉండనివ్వడో ఆలోచించే ఆమె దొరసానిని కొన్నది.