ఫిన్లేకి మిగిలిన కొండ

"ఇక చాలు మామయ్యా, దిగిపోదాం," అంది ఇష్బెల్, దారికి అడ్డంగా నిలబడి.

డూగల్ మెక్రే ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుని, కుడి చేతిలోని కర్రని రాళ్ల మధ్య గుచ్చి, వంగి ఊపిరి పీలుస్తున్నాడు. ఆగస్టు నెల, పేరుకి ఎండాకాలం. అయినా బెన్ ఆర్నక్ కొండ మీద పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, పది అడుగుల దూరంలో ఉన్న బండ కూడా కంటికి ఆనడం లేదు.

"పైకి ఇంకెంత దూరం?" అన్నాడు చివరికి.

"పైకి సంగతి తర్వాత. ముందు మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాలే. నువ్వు కోడలివా, ఆస్పత్రిలో పెద్ద నర్సువా?"

"డాక్టరు మేడమెట్లు కూడా ఎక్కొద్దన్నాడని చెప్పింది మీరే!"

"చెప్పాను. అయినా వెళ్తానన్నాను. నిన్ను రమ్మని అడిగానా?"

"మీరొక్కరే పోతానని మొండికేస్తే, నేను ఇంట్లో ఎలా కూర్చుంటాను?"

డూగల్ తల వంచుకుని కర్ర సర్దుకున్నాడు. "స్కాట్లాండు మొత్తం మీద రెండొందల ఎనభై రెండు పెద్ద కొండలు. ఫిన్లే అన్నీ ఎక్కాడు, ఇదొక్కటి తప్ప. వాడి బదులు నేను ఎక్కుతాను. నువ్వు దిగుతానంటే దిగు."

భర్త పోయిన ఈ రెండేళ్లలో ఇష్బెల్ ఎదుట ఆ పేరు పలకడానికి అందరూ జంకేవాళ్లే. ఆమె మెల్లగా పక్కకి తప్పుకుంది.

మళ్లీ నడక. పది అడుగులు వేయడం, ఆగడం. ఇన్నాళ్లూ వాడని బూట్లు మడమల్ని ఒరిసి పుండు చేశాయి. ఆమెకి ఆ నొప్పి తెలియడం లేదు. ధ్యాసంతా వెనక వస్తున్న ముసలాయన ఊపిరి మీదే. ఆయన దగ్గితే చాలు, ఆగి వెనక్కి తిరిగి చూస్తోంది.

అరగంట గడిచాక, మంచులో నడుమెత్తు రాళ్ల గుట్ట ఒకటి కనిపించింది. వచ్చినవాళ్లు తలో రాయీ వేసి పేర్చిన గుట్ట. ఇష్బెల్ మ్యాపు తీసి చూసింది. ఇది శిఖరం కాదు. శిఖరం ఇంకో అరమైలు ఉంది. మధ్యలో రెండు పక్కలా అగాధం ఉన్న సన్నటి గట్టు దాటాలి.

ఆమె వెనక్కి చూసింది. డూగల్ మళ్లీ గుండె పట్టుకుని నిలబడ్డాడు.

మ్యాపు మడిచి జేబులో పెట్టేసుకుంది. "వచ్చేశాం మామయ్యా. ఇదే శిఖరం."

"ఇదేనా? నిజంగా?"

"నిజంగానే. మ్యాపులో చూశానుగా."

డూగల్ కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత టోపీ తీశాడు. ఒక రాయి ఏరి, అరచేత్తో తడి తుడిచి, గుట్ట మీద పెట్టాడు. "ఇదుగోరా ఫిన్లే, ఇదీ అయిపోయింది."

ఇష్బెల్ కూడా ఒక రాయి తీయబోయింది. చెయ్యి రాలేదు. మొగుడి పేరు మీద అబద్ధపు రాయి ఎలా వేస్తుంది? ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. శవపేటిక మీద మట్టి వేసిన రోజున కూడా రాని ఏడుపు. డూగల్ ఓదార్చలేదు. ఫ్లాస్కులోంచి వేడి సూపు వంచి ఆమె చేతికిచ్చి, గాలికి అడ్డంగా కూర్చున్నాడు.

ఇంతలో గాలి తిరిగింది. మంచు చీలింది. డూగల్ కాస్త తల తిప్పితే కనిపించే చోట అసలు శిఖరం నల్లగా పైకి లేచింది.

"మామయ్యా, ఇటు! ఇటు చూడండి!" ఆమె గబుక్కున లేచి, ఆయన భుజాలు పట్టుకుని లోయ వైపు తిప్పింది.

ఆయన్ని ఏమార్చడానికే తిప్పింది గానీ, తనే అలా నిలబడిపోయింది. కింద పొడుగాటి సరస్సు. దాని మీద పాకుతున్న మబ్బు నీడ. అవతలి వాలు మీద ఎర్రజింకల మంద కదలకుండా నిలబడి ఉంది. ఎక్కడో చివర సముద్రం, అందులో దీవులు. ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు. మంచు మళ్లీ మూసుకున్నాక తల తిప్పితే, డూగల్ సరస్సుని కాదు, తననే చూస్తున్నాడు.

కారు దగ్గరికి దిగేసరికి నాలుగు దాటింది. బూటు ముడి విప్పుతున్న ఇష్బెల్ ఇక ఆపుకోలేకపోయింది.

"మామయ్యా, మీకో మాట చెప్పాలి. మనం ఎక్కింది శిఖరం కాదు. అరమైలు ఇవతలే ఆపేశాను. మీ గుండె తట్టుకోదని భయమేసింది. ఫిన్లే పేరు మీద మోసం చేశాను. క్షమించండి."

డూగల్ తన బూటు బోర్లించి మట్టి దులిపాడు. "తెలుసు."

"తెలుసా?"

"అసలు శిఖరం మీద ఉండేది రాళ్ల గుట్ట కాదు, సర్వేవాళ్లు కట్టిన సిమెంటు దిమ్మె. మే నెలలోనే వెళ్లొచ్చాను. వాడి పేరున రాయి అప్పుడే పెట్టేశాను."

"ఒక్కరేనా? ఈ గుండెతోనా?" ఇష్బెల్ ఒంటి కాలి బూటుతోనే లేచి నిలబడింది. "దారిలో ఏమైనా అయ్యుంటే? ఆ డాక్టరేమన్నాడు?"

"నేను డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లానమ్మాయ్?" అన్నాడు డూగల్. "నేను కూడా పోతానని భయపడితే తప్ప, నువ్వు ఆ ఇంటి తలుపు తీసుకుని బయటికి రావనిపించింది."