నాలుగు కిలోమీటర్ల కంకర

“ఈ సైకిల్ ఎవరు ఎంచుకున్నారండీ?” అన్నాడు షాపతను, వంకరపోయిన ముందు చక్రాన్ని వేలితో తిప్పుతూ. చక్రం సగం తిరిగి బ్రేకుకు తగిలి ఆగిపోయింది.

తండ్రికి తల కొట్టేసినట్టయింది. ఆయన నోరు తెరిచేలోగా కూతురే అందుకుంది.

“నేనేనండీ. రంగు చూసి మోజుపడ్డాను.”

అబద్ధం. గడ్డం కింద మూడు కుట్లతో, నవ్వితే లాగుతుందని సగమే నవ్వుతూ, నాన్న పరువు కాపాడటానికి ఆడిన అబద్ధం.

నిజానికి ఆమె ఇంకాస్త లావు టైర్లదే అడిగింది. కొత్తగా నర్సు ఉద్యోగం వచ్చిన ఆసుపత్రి ఇంటికి ఇరవై రెండు కిలోమీటర్లు. సైకిలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి కాబట్టి, రోజూ సైకిల్ మీదే వెళ్లొస్తానంది. “చివర్లో రోడ్డు ఎలా ఉంటుందో ఏమో నాన్నా” అని నసిగింది కూడా.

“ఎలా ఉండటమేమిటి తల్లీ? ఆసుపత్రి గుమ్మం దాకా తారే. అద్దంలా ఉంటుంది” అన్నాడు ఆయన. సన్న టైర్ల రేసు సైకిల్ కొనిపెట్టాడు. నాన్న మాట ఆమెకు వేదవాక్కు. మారు మాట్లాడలేదు.

ఉద్యోగంలో చేరాల్సిన మొదటిరోజే, చివరి నాలుగు కిలోమీటర్ల కంకర మీద ముందు చక్రం జారి బోర్లా పడింది. “నర్సుగా కన్నా ముందు పేషెంటుగా చేరాను” అని ఇంట్లో అందర్నీ నవ్వించింది. అందరూ నవ్వారు, ఆయన తప్ప.

“తారురోడ్డయితే ఇది బంగారం లాంటి సైకిలే” అన్నాడు షాపతను, దారి సంగతీ పడ్డ సంగతీ కూతురు చెప్పగా విని. “కంకర మీద మాత్రం కత్తి మీద సామే. అవునూ, ఆ ఆసుపత్రి రోడ్డు తారే కదా? మ్యాపులో అలాగే చూశానే!”

“చూశావా నాన్నా! నీ తప్పేం లేదు. మ్యాపే అలా ఏడిస్తే నువ్వేం చేస్తావు?” అంది కూతురు. ఇందాకటి అబద్ధం కాస్తా బయటపడిందని గమనించనేలేదు పాపం.

షాపతను జాలిగా ఆయన వైపు తిరిగాడు. “మ్యాపు చూసి చెప్పారన్నమాట!”

“ఆఁ... మ్యాపే” అన్నాడు తండ్రి. కూతురి గడ్డం వైపు చూడటానికి ముఖం చెల్లక, గోడకు వేలాడుతున్న గొలుసుల వంక చూస్తూ నిలబడ్డాడు.

ఆ వెంటనే, “అన్నిటికన్నా లావు టైర్లున్నది ఇచ్చెయ్యండి” అన్నాడు. మూలన కొండలెక్కే సైకిలొకటి దున్నపోతులా నిలబడి ఉంది. దాన్ని చూపించాడు.

“తొందరపడకండి సార్. తారు మీద పద్దెనిమిది కిలోమీటర్లు దీన్ని తొక్కుకుంటూ పోతే, ఆసుపత్రి చేరేసరికి అమ్మాయికే సెలైన్ ఎక్కించాలి. ఆ కంకర ఎలాంటిదో చెప్పండి. పెద్ద రాళ్లా?”

కూతురు గుర్తు తెచ్చుకునేలోగా తండ్రి చెప్పేశాడు. “మొదటి రెండు కిలోమీటర్లూ గోలీకాయంత. కల్వర్టు దాటాక ఇంకాస్త పెద్దవి. మధ్యలో అణిగి గట్టిగానే ఉంటుంది. అంచుల్లోనే జారుతుంది.”

“భలే గుర్తుపెట్టుకున్నారే!”

“నేను పడ్డరోజు తీసుకెళ్లడానికి వచ్చాడుగా” అంది కూతురు గర్వంగా. “ఒక్కసారి చూస్తే చాలు మా నాన్నకి.”

ఆయనకు అక్కడే భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

షాపతను లోపలి నుంచి ఇంకో సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. “ఇదిగో, మీకు కావాల్సింది ఇదీ. పందేనికి కాదు, దూరానికి చేసింది. హ్యాండిల్ కాస్త ఎత్తు. గంటన్నర తొక్కినా నడుం పట్టెయ్యదు. టైరు ముప్పై అయిదు మిల్లీమీటర్లు. టైరుకీ, దాన్ని పట్టి ఉంచే ఈ ఫోర్కుకీ మధ్య సందు చూడండి, రాయి ఇరుక్కోదు. తారు మీద పరిగెడుతుంది, సన్న కంకర మీద తడబడదు.”

తండ్రి మోకాళ్ల మీద కూర్చుని ఆ సందులో వేలు పెట్టి చూశాడు. టైరు నొక్కాడు. బ్రేకు పట్టి ముందుకు తోశాడు. అడిగిందే మూడుసార్లు అడిగాడు. ఈ శ్రద్ధలో పావువంతు పోయినసారి చూపించి ఉంటే ఆ మూడు కుట్లూ పడేవి కావని ఆయనకు తెలుసు. తెలిసి ఏం లాభం?

కూతురు సైకిలెక్కి వీధి చివరిదాకా వెళ్లింది. “నాన్నా, ఇదే!” అని అక్కడి నుంచే కేకేసింది.

“వారంటీ ఫారం సార్, నింపెయ్యండి” అంటూ షాపతను ఓ కాగితం ముందు పెట్టాడు. “ఎలాంటి రోడ్డు మీద నడుపుతారో అక్కడ రాయాలి. ఉన్నదున్నట్టు రాయండి. తారని రాసిచ్చి కంకర మీద తిప్పితే, రేపు చక్రానికేమైనా అయినప్పుడు కంపెనీవాళ్లు ఒప్పుకోరు.”

తండ్రి పెన్ను పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. నుదుటి చెమట కాగితం మీద పడింది. బయట కూతురు రెండో చుట్టు తిరుగుతోంది.

చివరికి, ‘పద్దెనిమిది కిలోమీటర్లు తారు, నాలుగు కిలోమీటర్లు కంకర’ అని రాశాడు.

“ఈ ఒక్క ముక్క రాయడానికి ఇంత ఆలోచనేంటి సార్!” అని నవ్వాడు షాపతను.

ఆ నాలుగు కిలోమీటర్లూ స్వయంగా నడిచి చూశానని, తారు పరచడం పూర్తయిందని, మూడేళ్ల కిందట ఇదే చేత్తో రాసి సంతకం పెట్టిన రోడ్ల ఇంజనీరు ఆయనే.