ఇంటికొచ్చే ఎత్తు

“వెనక చిన్న పళ్లచక్రం వెయ్యండి. వేగంగా వెళ్లాలి,” గదిలో అటూ ఇటూ తిరుగుతూ అంది భార్య.

ఆమెది ఒక్క గేరు సైకిల్. అతను చిన్నా పెద్దా పళ్లచక్రాలు రెంటినీ మార్చి మార్చి చూశాడు.

“ఆఫీసుకి పల్లం, దూసుకుపోతావు. సాయంత్రం ఇంటికి ఎత్తు కదా! పెద్దది వేస్తే తేలిగ్గా ఎక్కేస్తావు. రోజూ ఇంత ఆలస్యం కాదు.”

“ఆలస్యం ఎత్తు వల్ల కాదండీ.”

“మరి?”

“మీ ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ మీరు నోరు విప్పి మనసులో మాట చెప్పడం లేదు. పలకరించే దిక్కులేని ఇంటికి పరిగెత్తుకొచ్చి ఏం చెయ్యను? వంతెన మీద కూర్చుంటున్నా.”

అతను చేతిలోని పానా కింద పెట్టాడు.

“భయమేస్తోంది,” అన్నాడు. “నోరు తెరిస్తే ఏడ్చేస్తానేమోనని.”

ఆమె తిరగడం ఆపింది. అతని పక్కనే నేలమీద కూర్చుని, పెద్ద పళ్లచక్రం అందించింది.

“చెప్పండి, వింటున్నా.”