కమలాపండు వాసనేసే ఇల్లు

“తెల్లపొర తగలనివ్వకు అమ్మాయ్, చేదొస్తుంది” అంది అత్తగారు.

“నాకు తెలుసు అత్తయ్యా.”

“తెలిస్తే నిన్నటివి రాళ్ళలా ఎందుకొచ్చాయి?”

కోడలు కమలాపండు తొక్కను సన్నగా తురిమి మైదాపిండిలో కలిపింది. చల్లటి వెన్న ముక్కల్ని వేళ్ళతో నలిపింది. పాలు పోసి ముద్ద చేసి, అరచేత్తో అద్ది, త్రికోణాలుగా కోసింది. బిస్కెట్టూ కాని, బన్నూ కాని ఈ పదార్థాన్ని స్కోన్ అంటారు. వేడిమీద తింటే కమ్మగా ఉంటుంది. చల్లారితే తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవచ్చు.

ఇదంతా ఎవరి ఆకలి కోసమూ కాదు. ఆ సాయంత్రం ఇల్లు చూడ్డానికి మనుషులు వస్తున్నారు. ఏడు నెలలుగా అమ్ముడుపోని ఇల్లు. వచ్చినవాళ్ళందరూ గోడలు తట్టి, కుళాయిలు తిప్పి, మళ్ళీ ఫోన్ చేస్తామని వెళ్ళిపోయినవాళ్ళే. బ్రోకరుకి విసుగొచ్చి ఆఖరిమాట చెప్పేశాడు.

“ఇవాళ కూడా కుదరకపోతే మీ దారి మీది, నా దారి నాది.”

ఆయనకి ఒక సిద్ధాంతం ఉంది. జనం ఇళ్ళని కళ్ళతో చూస్తారు గాని ముక్కుతో కొంటారట. సున్నం వాసనొస్తే బేరమాడతారు. వెన్న, కమలాపండు వాసనొస్తే సంతకం పెడతారు. అందుకని సరిగ్గా నాలుగింటికి స్కోన్లు ఓవెన్‌లో పెట్టాలనీ, నాలుగుంబావుకి తను బెల్ కొడతాననీ చెప్పాడు.

కొడుకు హాల్లో గోడమీది చెమ్మ మరక కనిపించకుండా సోఫా జరిపి, అందులో పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు.

బెల్ మోగింది. బ్రోకరు వెంట వచ్చింది ఒక టీచరమ్మ, ఆవిడ భర్త. పదకొండేళ్ళుగా అద్దె ఇళ్ళు మారుతున్నవాళ్ళు. ఉన్నదంతా ఊడిస్తే జీవితంలో ఒకే ఒక్క ఇల్లు వస్తుంది. అది తప్పు ఇల్లయితే మళ్ళీ కొనుక్కునే మాటే లేదు. అందుకే గుమాస్తాగిరీ చేసే ఆ భర్త కాగితం మీద పాతిక ప్రశ్నలు రాసుకొచ్చాడు.

గుమ్మంలోనే టీచరమ్మ ఆగిపోయింది. కళ్ళు మూసుకుని గుండెల నిండా వాసన పీల్చింది.

“నీళ్ళ ధార ఎలా ఉంటుందండీ?” అని భర్త మొదలుపెట్టాడు.

“ముందు ఇది తిను నాయనా, వేడిగా ఉంది” అని అత్తగారు ఒక స్కోన్ అతని చేతిలో పెట్టింది.

“వానొస్తే మేడ ఏమైనా కారు...”

“ఇంకోటి తిను. మొహమాటపడకు.”

మూడో ప్రశ్న అతను నోటినిండా స్కోన్‌తో అడిగాడు. అదేమిటో ఎవరికీ అర్థం కాలేదు.

కోడలు చెంచా కోసం మూడు సొరుగులు లాగింది. నాలుగోదాంట్లో దొరికింది.

“ఇల్లు వదలాలన్న బెంగతో దీనికి కాలూ చెయ్యీ ఆడట్లేదు” అంటూ అత్తగారు కోడలి తల నిమిరింది. టీచరమ్మ మనసు వెన్నలా కరిగిపోయింది. ఒకే వంటింట్లో అత్తాకోడళ్ళు ఇలా ఉండడం ఆవిడ టీవీలో కూడా చూడలేదు.

“అత్తయ్యా, వాళ్ళకి టీ కూడా ఇవ్వండి” అన్నాడు కొడుకు సోఫాలోంచి.

భర్త నమలడం ఆపాడు. “ఈవిడ మీ అమ్మగారు కాదా?”

కొడుకు పేపరు మడిచాడు. “అమ్మేనండీ. రోజంతా మా ఆవిడ అత్తయ్యా అత్తయ్యా అంటూ చుట్టూ తిరుగుతుంటుంది కదా, నా నోటికీ అదే పట్టుకుంది.”

అందరూ నవ్వారు. బ్రోకరు అందరికంటే గట్టిగా, అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు.

“ఇంత ప్రేమగా ఉన్నవాళ్ళు ఇల్లెందుకు అమ్ముకుంటున్నారండీ?” అని అడిగింది టీచరమ్మ.

కోడలు చేత్తో కన్ను నలుపుకుంది. తొక్క తురిమిన చెయ్యది. కన్నీళ్ళు బొటబొటా కారిపోయాయి. ఆపుకుందామన్నా ఆగలేదు.

“ఊరుకో తల్లీ, ఊరుకో” అంది అత్తగారు. టీచరమ్మ కూడా ఏడ్చేసింది. ముక్కు తుడుచుకుని భర్తని వరండాలోకి లాక్కెళ్ళింది.

“నాకు ఈ ఇల్లే కావాలి.”

“కుళాయైనా తిప్పి చూడలేదే! ఆ సోఫా వెనక ఏదో...”

“ఉంటే బాగుచేయించుకుందాం. నేను పుట్టిపెరిగిన ఇంట్లో పొద్దస్తమానం అరుపులే. మన అద్దెకొంపల్లో నోరెత్తితే ఓనరు తలుపు కొట్టేవాడు. ఇన్నేళ్ళూ వీళ్ళు ఇంత సఖ్యంగా బతికారంటే అది గోడలకి కూడా పట్టి ఉండదూ?”

భర్త కాగితం వైపు చూశాడు. ఇంకా ఇరవైరెండు ప్రశ్నలు మిగిలాయి. వెన్న అంటిన వేళ్ళు ఆ కాగితానికే తుడుచుకున్నాడు.

ఆరింటికల్లా భార్యాభర్తలు ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఇల్లు అమ్మేవాళ్ళ సంతకం రేపు ఆఫీసులో అయిపోతుందన్నాడు బ్రోకరు.

వెళ్ళేముందు టీచరమ్మ అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. “మీరు వస్తూ పోతూ ఉండాలమ్మా. ఇది ఎప్పటికీ మీ ఇల్లే అనుకోండి.”

అత్తగారు ఒక చెయ్యి విడిపించుకుని, ఈసారి నిజంగానే, ఆవిడ తల నిమిరింది.

వాళ్ళ స్కూటరు వీధి మలుపు తిరిగింది. బ్రోకరు ఇంటికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకోగానే, అత్తగారు చేతిసంచీ భుజానికి తగిలించుకుంటూ అడిగింది: “సరే, రేపు ఏ ఇంట్లో, నేనెవరికి అమ్మని?”