మూడు గంటలు, ఒక మంట

ఊళ్ళో అందరూ పెద్దనోరు అని పిలిచే అతను, డాక్టరమ్మ ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఛాతీ మధ్యలో వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడండీ మంట. తిన్న అరగంటకి మొదలవుతుంది. జీవితంలో నేను పైకి రాలేదు గానీ, తిన్నది మాత్రం రోజూ పైకొస్తోంది."

డాక్టరమ్మ నవ్వలేదు. పక్కనున్న భార్య అసలే నవ్వలేదు. పదకొండేళ్ళుగా వింటోంది.

"ఏం పని చేస్తారు?"

"స్టేజీ ప్రోగ్రాములండీ. నోటితో బతికేవాణ్ణి."

"ఓహో, పాడతారా?"

"పూర్తిగా పాడవకముందే మీ దగ్గరికి లాక్కొచ్చింది మా ఆవిడ."

భార్య మోచేత్తో పొడిచింది. అది సరిగ్గా మంట ఉన్నచోటే తగిలింది.

నవ్వులాటగా చెప్పాడు గానీ సంగతి నవ్వులాట కాదు. పోయిన శనివారం హాలు కిటకిటలాడుతుండగా, ఊపిరి బిగబట్టాల్సిన క్షణంలో అతనికి త్రేన్పు వచ్చింది. చిన్న త్రేన్పే. పెద్ద గొడవే అయింది. ట్రూపు యజమాని తెర వెనక పట్టుకున్నాడు.

"ఏంటయ్యా ఇది? ముందు వరుసలో సగంమంది లేచిపోయారు."

"ఎవరితోనండీ?"

"నెలరోజులు సెలవు తీసుకో. మళ్ళీ వచ్చి ఒక్క ఆట శుభ్రంగా చెయ్యి. ఆ రోజు గనక త్రేన్పు వచ్చిందా, నిన్ను గేటు దగ్గర టికెట్లు చింపడానికి వేస్తాను."

తండ్రి నేర్పిన విద్య. పదిహేనేళ్ళ వయసు నుంచి అదే పని. ఇంకోటి రాదు. టికెట్లు చింపడం కూడా రాదు. క్యాలెండరులో కాగితమే వంకరగా చింపుతాడు.

డాక్టరమ్మ కలం తీసింది.

"కడుపు నిండా తినకండి. కొంచెం కొంచెంగా, నాలుగైదుసార్లు తినండి. వేపుళ్ళు, కారం, కాఫీ తగ్గించండి. తిన్నాక మూడు గంటలదాకా పడుకోకూడదు. మీకు కడుపులో ఆమ్లం పైకి తన్నుతోంది."

"ఆమ్లెట్ కూడా మానేస్తానండీ."

"మంచం తలవైపు అరడుగు ఎత్తు చేయించండి. దిండ్లు పేర్చుకుంటే లాభం లేదు, మెడ వంగుతుంది, అంతే. ఎడమవైపు తిరిగి పడుకోండి. బెల్టు వదులు చెయ్యండి. ఆ జేబులో ఏంటి?"

"పిప్పరమెంట్లు. ప్రోగ్రాం అయ్యాక నోటి వాసన పోవాలి కదండీ."

"అవీ మంటని పెంచుతాయి. ఇలా ఇవ్వండి."

భార్యే జేబులో చెయ్యి పెట్టి తీసిచ్చింది.

మంచం పని మామగారు మీదేసుకున్నారు. ఆయన వడ్రంగి. అల్లుడికి మీసం లేదని పెళ్ళినాటి నుంచీ ఆయనకో కొరత. పెంచమంటే, "పని ఒప్పుకోదు మామయ్యా" అంటాడు ఇతను. రెండు చెక్క దిమ్మెలు చేసి మంచం కోళ్ళ కింద పెట్టి వెళ్ళారు. పొద్దున్నే అల్లుడు మొహం ఉబ్బి లేచాడు. దిమ్మెలు కాళ్ళవైపు ఉన్నాయి.

"తలుపున్న వైపే తల అనుకున్నానయ్యా," అన్నారు మామగారు.

"ఏం ఫర్వాలేదు. మీ అమ్మాయిని చేసుకున్నప్పుడే నా బతుకు తలకిందులైంది. మంచమెంత?"

దిమ్మెలు తలవైపుకి మార్చారు. "హమ్మయ్య, ఇన్నాళ్ళకి తలెత్తుకుని పడుకున్నాను," అన్నాడు పెద్దనోరు. అయితే భార్య పడుకునేది మంచానికి కుడివైపు. అతను ఎడమకి తిరిగితే ఆమెకి మిగిలేది వీపు.

"మీది ఎడమొహం అయితే ఇక నాది పెడమొహమే," అంది.

మర్నాడే తన దిండు తీసుకుని ఎడమవైపుకి మారిపోయింది.

భోజనం ఆరున్నరకే. తర్వాత మూడు గంటలూ అతన్ని నిలబెట్టడం ఆమె పని. వీధిలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించేది. అతను గేటుకి ఆనుకుని నిలబడే కునుకు తీసేవాడు. ఆమె గేటు తెరిచేసేది.

"కాఫీకి ఒక్కరోజు మాఫీ లేదా?"

"లేదు."

"ఎవరైనా నడుం బిగించి పనిచెయ్యమంటారు. నడుం వదిలేసి పనిచెయ్యమన్నది మీ డాక్టరమ్మ ఒక్కతే."

"బెల్టు ఇంకో బెజ్జం వదలండి."

మొదటివారం మంట తగ్గలేదు, తగాదాలు పెరిగాయి. రెండోవారం రెండూ సగమయ్యాయి. నాలుగోవారం భార్య అతని ఛాతీకి చెవి ఆనించి వింది.

"ఏం వినిపిస్తోంది?" అడిగాడు.

"ఆకలి," అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. త్రేన్పు రాలేదు.

సెలవు అయిపోయిన శనివారం, మధ్యాహ్నం ఆట. హాలు నిండింది. మామగారు ముందు వరుసలో కూర్చున్నారు, లేచిపోనని మాటిచ్చి. యజమాని తెర పక్కన కుర్చీ వేసుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తున్నాడు. భార్య తెరచాటున తడి తువ్వాలు పట్టుకుని నిలబడింది.

"వస్తోందా?" అంది గుసగుసగా.

"భయం వస్తోంది. అది మాత్రం రావట్లేదు."

"ఎప్పుడు తిన్నారు?"

"నువ్వే కదా పెట్టావు. మూడు గంటల పది నిమిషాలైంది."

అతన్ని స్టేజీ మీదికి తోసింది. డప్పు ఆగింది. లైట్లు తగ్గాయి. హాల్లో దగ్గు కూడా లేదు. యజమాని కుర్చీ అంచుకి జరిగాడు. మామగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

పెద్దనోరు ఊపిరి బిగబట్టి, తల వెనక్కి వంచి, నోరు బార్లా తెరిచి, చిన్న త్రేన్పు కూడా లేకుండా, భగభగా మండుతున్న కాగడాని మింగేశాడు.