సుత్తి దెబ్బకు బదులు

అచ్యుతాపురం ఫౌండ్రీలో తాతబాబుకు కూడు పెట్టింది చెవే. పోతపోసిన ప్రతి ఇనుప చక్రాన్నీ సుత్తితో తట్టి వింటాడు. ఖంగుమంటే సుద్దతో టిక్కు, బొంగురుగా పలికితే అడ్డగీత. అడ్డగీత పడినది తిరిగి ఫర్నేస్‌లోకే. ఇరవై ఏళ్ల రాత్రి షిఫ్టుల్లో అతనికి మిగిలిన లాభం నడుంనొప్పి.

ఆ రాత్రి చివరి చక్రం బొంగురుగా పలికింది. గీత గీయడానికి వంగాడు. లోపలినుంచి ఎవరో తిరిగి తట్టారు.

"ఈరేంద్రా, నువ్వేనేటి?"

"నాను ఫర్నేస్ కాడున్నాను బావా! తూగుతన్నావేటి? పాడైనవి సెప్పు, ఏసేత్తాను," దూరం నుంచి అరిచాడు ఫర్నేస్ మనిషి వీరేంద్ర.

తాతబాబు సుద్దను ఇనుముకు ఆనించాడు. మూసిన తలుపును బాదినట్టు లోపల చప్పుడు పెరిగింది. ఇంకొక్క చెడ్డ చక్రం బయటికి పోతే ఉద్యోగం ఉండదని మేనేజరు నిన్ననే చెప్పాడు. అయినా టిక్కు పెట్టాడు. చప్పుడు ఆగిపోయింది.

"ఇది బాగానే ఉందిరా," అన్నాడు నీరసంగా.

"మరి నీ ఎనకాల గుట్టో? సందేల నుంచీ నువ్వు గీత గీసినయ్యే కదా," అంటూ వీరేంద్ర ట్రాలీ తోసుకొస్తున్నాడు.

తాతబాబు వీపు వెనక ఒక చక్రం తట్టింది. ఆ తర్వాత ఇంకొకటి. ఆపైన గుట్టంతా.